తొందరపడి చెప్పిన సితారా

పోయిన రబీ ఉల్ అవ్వల్‌కి పది రోజుల ముందు మా మొహల్లా కుర్రాళ్లు నలుగురు ఇంటికొచ్చారు. సీరత్ జల్సా పెడుతున్నారట. "సర్, ఖురాన్, సైన్స్ మీద ఓ అరగంట మాట్లాడాలి మీరు. టాపిక్ కూడా మేమే అనుకున్నాం" అంటూ ఫోన్ నా ముందు పెట్టారు. వీడియో. నల్లటి ఆస్మాన్‌లో తెల్లటి తార గిర్రున తిరుగుతోంది. వెనక టక్ టక్ టక్ అని చప్పుడు. కింద అక్షరాలు: సూరా తారిఖ్‌లో చెప్పిన తార ఇదే, సైన్స్ ఇప్పుడు కనుక్కుంది.

చాయ్ తాగారు, బిస్కెట్లు తిన్నారు. "రేపు చెప్తాను బేటా" అన్నాను. నలుగురి మొహాలూ చిన్నబోయాయి. ఇరవై ఎనిమిదేళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాడు, పైగా పాంచ్ వక్త్ నమాజీ, ఇంత మంచి టాపిక్‌కి వెంటనే ఒప్పుకోకపోవడమేంటని వాళ్ల ఆశ్చర్యం. వాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. అదే టాపిక్ మీద, ఇదే అనకాపల్లిలో, 2002లో నేను ఒకసారి మాట్లాడేశాను. ఆ తఖ్రీర్ గురించి ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఏడాది ఏప్రిల్‌లో పేపర్లో ఓ వార్త వచ్చింది. నాసా వాళ్ల చంద్ర ఎక్స్‌రే టెలిస్కోప్ రెండు తారల్ని చూసింది. ఒకటి ఆర్ఎక్స్ జె1856. మనకు దాదాపు 400 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కొలిస్తే దాని అడ్డం 11 కిలోమీటర్లే అని తేలింది. న్యూట్రాన్ తారకి అది మరీ చిన్న సైజు. రెండోది 3సి58. 1181లో మనుషులు కళ్లారా చూసిన పేలుడులో పుట్టిందని అప్పట్లో అనుకున్న తార. అది ఉండాల్సినంత వేడిగా లేదు. రెండూ కలిపి చూసి, ఇవి న్యూట్రాన్లతో చేసినవి కాకపోవచ్చు, అంతకంటే లోతైన పదార్థం, క్వార్కులతో చేసినవి కావచ్చు అన్నారు. ఆ "కావచ్చు"ని ఇప్పుడు ఒత్తి రాస్తున్నాను. అప్పుడు దాన్ని చదివీ చదవనట్టు దాటేశాను.

రబీ ఉల్ అవ్వల్ ఆ సంవత్సరం మే నెలలో వచ్చింది. ఎండ మండిపోతోంది. షామియానా కింద నాలుగొందల మంది. నేను మైకు పట్టుకుని తారిఖ్ అనే మాటకు తలుపు తట్టేవాడు అనే అర్థం ఉందని చెప్పాను. న్యూట్రాన్ తారలు తిరుగుతూ రేడియోలో టక్ టక్‌మని కొడతాయని చెప్పాను. అక్కడితో ఆగినా కొంత నయం. "ఇప్పుడు సైంటిస్టులు దాన్ని కూడా దాటి క్వార్క్ తారని కనుక్కున్నారు, అన్నిటినీ ఛేదించే తార అదే, పధ్నాలుగు వందల ఏళ్ల కిందటే మనకు చెప్పేశారు" అన్నాను. నారా-ఎ-తక్బీర్ అని ఎవరో అరిచారు. షామియానా మొత్తం అల్లాహు అక్బర్ అంది. నాకు శాలువా కప్పారు, అత్తర్ పూశారు. ఆ రాత్రి నా అంత గొప్పవాడు అనకాపల్లిలో లేడు.

మా అబ్బా బెల్లం మార్కెట్‌లో గుమాస్తా. నలభై ఏళ్లు దిమ్మలు లెక్కపెట్టిన మనిషి. ఇంటికి నడిచొస్తుంటే దారంతా ఏమీ మాట్లాడలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ అన్నారు: "బేటా, కల్ వో లోగా అప్‌నీ బాత్ బదల్ దియే తో క్యా కర్తే?" రేపు వాళ్లు మాట మార్చుకుంటే ఏం చేస్తావు అని. "అబ్బా, నాసా చెప్పింది" అన్నాను కాస్త విసుగ్గా. ఆయన లోపలికెళ్లి పడుకున్నారు. మార్కెట్‌లో ఆయనకు ఓ అలవాటుండేది. పసుపుగా మెరిసే దిమ్మ వస్తే ముందు దాన్ని పగలగొట్టి లోపల చూసేవారు. హైడ్రోస్ వేసి తెల్లబరిచిన బెల్లం పైకి ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

ఇంతకీ ఈ క్వార్క్ తార అనేదేంటో చెప్పకుండా కథ ముందుకు పోదు. ఫిజిక్స్ అనగానే పేజీ తిప్పేసే అలవాటున్నవాళ్లు ఇక్కడ కొంచెం సబర్ చెయ్యండి. నా క్లాసుల్లో చెప్పినంత బోరుగా చెప్పను.

సూర్యుడికి ఎనిమిది రెట్లకు పైగా బరువున్న తార తన ఇంధనం అయిపోయాక మధ్యలోకి కూలిపోతుంది. బయటి పొరలు పేలిపోతాయి, మధ్యలో చిన్న ముద్ద మిగులుతుంది. సూర్యుడంత, ఒకటిన్నర సూర్యుడంత బరువు. అడ్డం మాత్రం ఇరవై, పాతిక కిలోమీటర్లు. అంటే ఇంచుమించు అనకాపల్లి నుంచి అచ్యుతాపురం దాకా. అంత బరువు అంత చోట్లో నొక్కుకుపోతే అణువులు మిగలవు. ఎలక్ట్రాన్లు ప్రోటాన్లలోకి దూరి దాదాపు అంతా న్యూట్రాన్లే అవుతుంది. ఇదే న్యూట్రాన్ తార. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే విద్యార్థిని 1.337 సెకన్లకోసారి వచ్చే రేడియో దెబ్బలు పట్టుకుంది. మొదట దొరికిన పల్సార్ అది. టక్ టక్ కథ అక్కడ మొదలు.

దాని గట్టిదనం ఎంతంటే, నాలుక మీద పెట్టుకునే బెల్లం ముక్కంత, ఒక్క ఘన సెంటీమీటరు పదార్థం ముప్పై, నలభై కోట్ల టన్నులు తూగుతుంది. మన దేశం మొత్తం ఏడాదిలో పండించే చెరకు నలభై కోట్ల టన్నుల పైచిలుకు. హిందుస్తాన్ చెరకంతా గానుగ పట్టకుండా, పిప్పితో సహా ఒక్క ముక్కలోకి కుక్కితే ఎలా ఉంటుందో అలా. ఇది ఉపరితలానికి కాస్త లోపలి సంగతి. నడిమధ్యలో ఇంకా నాలుగైదు రెట్లు.

మరి న్యూట్రాన్ కూడా పగిలితే? ఒక్కో న్యూట్రాన్‌లో మూడు క్వార్కులుంటాయి. ఒక అప్, రెండు డౌన్. మామూలుగా ఒక్క క్వార్కును విడిగా బయటికి లాగలేం. కానీ న్యూట్రాన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేంతగా నొక్కితే, ఏ క్వార్కు ఏ న్యూట్రాన్‌ది అనే లెక్క చెరిగిపోతుంది. ఇళ్ల మధ్య గోడలు కూలి మొహల్లా అంతా ఒకే హాలు అయినట్టు. దగ్గరికి వచ్చేకొద్దీ క్వార్కుల మధ్య పట్టు వదులవుతుందని 1973లో గ్రాస్, విల్‌చెక్, పొలిట్జర్ లెక్క కట్టారు. 2004లో వాళ్లకి నోబెల్ వచ్చింది దీనికే.

ఇక్కడ మూడో క్వార్కు వస్తుంది. దాని పేరు స్ట్రేంజ్. మన భాషలో అజీబ్. పెట్టినవాళ్లు కూడా ఆ అర్థంతోనే పెట్టారు. 1950లలో కొన్ని కణాలు బతకాల్సినదానికంటే చాలా ఎక్కువసేపు బతుకుతుంటే ఇదేం అజీబ్ అనుకున్నారు. ఈ క్వార్కు మిగతా రెండింటికంటే చాలా బరువు. మరి ఒత్తిడిలో ఉన్న తార బరువైనదాన్ని ఎందుకు కోరుకుంటుంది?

నేను క్లాసులో దీన్ని జుమా నమాజ్‌తో చెప్పేవాణ్ని. మసీదుకి కింద రెండు హాళ్లున్నాయనుకోండి. ఒకటి అప్, ఒకటి డౌన్. ఒకరు నిలబడ్డ చోట ఇంకొకరు నిలబడకూడదు, అది పౌలి పెట్టిన నియమం. సఫ్‌లు నిండిపోయాయి. వచ్చేవాళ్లు మొదటి అంతస్తుకి, రెండో అంతస్తుకి, మిద్దె మీదికి ఎక్కుతున్నారు. ఎక్కేకొద్దీ మెహనత్. ఇప్పుడు పక్కనే మూడో హాలు తలుపు తెరిచారు. దాని అరుగు ఎత్తు, నాలుగు మెట్లు ఎక్కాలి. కానీ మిద్దె కంటే తక్కువే కదా. పైన ఉన్న జనం దిగి అందులోకి వస్తారు. మొత్తం మెహనత్ తగ్గుతుంది. స్ట్రేంజ్ క్వార్కు బరువు ఆ అరుగు ఎత్తు, 95 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. తార లోపల క్వార్కులు ఎక్కిన ఎత్తు 300 పైన. అందుకే మూడో హాలు తెరుచుకుంటే లాభం. అప్, డౌన్, స్ట్రేంజ్ మూడూ దాదాపు సమానంగా ఉంటే చార్జి కూడా దానంతటదే సున్నా అవుతుంది. మూడింట రెండు కూడిక, మూడింట ఒకటి రెండుసార్లు తీసివేత, లెక్క సరి.

బోడ్మర్ 1971లో, విట్టెన్ 1984లో ఇంకో అడుగు వేశారు. అది నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే మాట. ఈ మూడు క్వార్కుల పదార్థం ఒత్తిడిలోనే కాదు, ఒత్తిడి తీసేసినా అలాగే నిలబడవచ్చు అన్నారు. మనకి తెలిసిన పదార్థంలో ఇనుము జాతి అన్నిటికంటే స్థిమితమైనది. ఒక్కో కణానికి 930 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. అజీబ్ పదార్థం దానికంటే కిందికి దిగితే, కాయనాత్‌లో అసలైన అడుగు అదే. ఇనుము కాదు, మనం కాదు, ఈ జమీన్ కాదు. మనమంతా మధ్య మెట్టు మీద నిలబడి అదే నేల అనుకుంటున్నామన్నమాట. మరి మన ఇనుప గేట్లు ఎందుకు అలా మారిపోవడం లేదంటే, ఒక్కసారిగా బోలెడు క్వార్కులు స్ట్రేంజ్‌గా మారితే తప్ప కుదరదు. దానికి కాయనాత్ వయసు కూడా చాలదు. జల్సాల్లో సూరా హదీద్ ఎత్తుకుని ఇనుమే అన్నిటికంటే స్థిరం, అందుకే ఆ పేరుతో సూరా ఉంది అని చెప్పే తఖ్రీర్లు విన్నాను. రేపు విట్టెన్ మాట నిజమైతే ఆ ముఖర్రిర్ సాబ్ ఏం చేస్తారో!

అలాంటి పదార్థంతో తార మొత్తం తయారైతే దాని గుణాలే వేరు. న్యూట్రాన్ తారని పట్టి ఉంచేది గురుత్వాకర్షణ. అది వదిలేస్తే బియ్యం బస్తా విప్పినట్టు చెదిరిపోతుంది. అజీబ్ తార బెల్లం దిమ్మ లాంటిది, తనను తానే పట్టుకుని ఉంటుంది. చిన్న దిమ్మకి రెట్టింపు బెల్లం కలిపితే దిమ్మ రెట్టింపవుతుంది. న్యూట్రాన్ తార అలా కాదు, బరువు పెరిగేకొద్దీ కుంచించుకుపోవడానికే చూస్తుంది. అందుకే తేలికపాటి, బాగా చిన్న తార ఒకటి కనబడితే సైంటిస్టుల చెవులు నిక్కబొడుచుకుంటాయి. అంచు కూడా వేరు. అజీబ్ తార అంచు కత్తితో కోసినట్టు, ఒక ప్రోటాన్ మందంలో ముగిసిపోతుంది. అంచులో కూడా ఒక్క ఘన సెంటీమీటరు నలభై కోట్ల టన్నులే. స్ట్రేంజ్ క్వార్కులు బరువు వల్ల కొంచెం తక్కువ పడతాయి కాబట్టి ఆ లోటు తీర్చడానికి ఎలక్ట్రాన్లు ఉంటాయి. అవి తేలిక, అంచు దాటి కొద్దిగా బయటికి పొంగుతాయి. పాకం మీద నురగలా. అక్కడ విద్యుత్ క్షేత్రం సెంటీమీటరుకు 1 పక్కన 17 సున్నాల వోల్టులు. మామూలు పదార్థం ఏదైనా పైన పడితే ఆ క్షేత్రం దాన్ని తాకనివ్వకుండా తేల్చి ఉంచుతుంది. కానీ ఆ పొట్టు ఒక హద్దు దాటి గట్టిపడలేదు. ఘన సెంటీమీటరుకు 4 లక్షల టన్నులు దాటితే అందులోంచి న్యూట్రాన్లు కారి కిందపడతాయి. వాటికి చార్జి లేదు, ఏ క్షేత్రమూ ఆపదు. దిమ్మ వాటిని మింగేస్తుంది.

ఇది 1986లో అల్‌కాక్, ఫర్హీ, ఒలింటో కట్టిన లెక్క. నేను 2002లో ఇవేవీ చదవలేదు. పేపర్ కటింగ్ ఒక్కటే నా దలీల్.

తర్వాత ఏమైందంటారా? ఆర్ఎక్స్ జె1856 ఎక్స్‌రేలో చిన్నగా కనబడింది నిజమే. కానీ అదే తార నుంచి వచ్చే మామూలు వెలుగు ఆ చిన్న సైజుకి సరిపోలేదు. ఎక్స్‌రే చూసింది తార మొత్తాన్ని కాదు, మీద వేడిగా ఉన్న మచ్చని అయ్యుండాలి. వెలుగంతా కలిపి లెక్క కడితే తార మామూలు న్యూట్రాన్ తార సైజుకి, అంతకంటే కాస్త పెద్దగానే వచ్చింది. ఒకటి రెండేళ్లలోనే క్వార్క్ తార అనే మాట బలహీనపడిపోయింది. నాసా సైంటిస్టులు ఎవరూ తల బాదుకోలేదు. వాళ్లు అన్నది "కావచ్చు" కాబట్టి, కాకపోయినా వాళ్లకి నష్టం లేదు.

నష్టం మాకు జరిగింది.

2006 ఎండాకాలం సెలవుల్లో మా ఇంటికి ఓ కుర్రాడొచ్చాడు. 2002లో పదో తరగతి, జల్సాలో ముందు వరసలో కూర్చుని నా తఖ్రీర్ నోట్‌బుక్‌లో రాసుకున్నవాడు. ఇప్పుడు బయట ఊళ్లో ఇంజనీరింగ్. సలాం చెప్పాడు గానీ కళ్లలోకి చూడలేదు. హాస్టల్‌లో దోస్తులతో ఖుదా ఉన్నాడా లేడా అని బహస్ జరిగిందట. వీడు నా నోట్‌బుక్ మాటలే దలీల్‌గా పెట్టాడట. అవతలివాడు ఫిజిక్స్ బాగా చదువుతాడు. మర్నాడు ప్రింట్లు తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడట. "మీ తార క్వార్క్ తార కాదు. ఇంకో విషయం, నువ్వు టక్ టక్ అన్నావే, ఈ తారలో ఇంతవరకూ ఎవరికీ ఏ టక్ టక్కూ వినబడలేదు."

అది నిజం. నేను చప్పుడు చేసే తార గురించి చెబుతూ, చప్పుడే వినబడని తారని పట్టుకొచ్చి నిలబెట్టాను. నా పేపర్ కటింగ్‌లో కూడా ఆ సంగతి ఉంది. తర్వాత తీసి చూసుకున్నాను. (2007లో దాని నాడి దొరికింది లెండి, ఏడు సెకన్లకోసారి, వెలుగులో నూటికి ఒక వంతు మాత్రమే హెచ్చుతగ్గు. అప్పటికి ఆ కుర్రాడికి నేను ఫోన్ చేసి చెప్పేంత మొహం లేదు.)

"తార పోయింది సర్. మరి ఆయత్ సంగతేంటని వాడు అడిగాడు. నాకు జవాబు రాలేదు. ఆరు నెలలైంది, జుమాకి కూడా వెళ్లడం లేదు. అమ్మీకి తెలీదు" అన్నాడు.

అంతవరకూ నా తప్పు పేపర్లో ఓ వార్త మారిపోవడమే అనుకుంటూ వచ్చాను. ఆ రోజు అర్థమైంది. ఒక పదిహేనేళ్ల పిల్లవాడి ఈమాన్‌ని తీసుకెళ్లి 400 కాంతి సంవత్సరాల దూరంలోని ఒక కొలతకి కట్టేశాను. కొలత జారింది, పిల్లవాడూ జారాడు. ఆయత్ చెప్పని మాట ఆయత్ నోట్లో పెట్టింది నేను. పాత ముఫస్సిర్లు ఆ తార గురించి ఎన్నో చెప్పారు. కొందరు సురయ్యా అన్నారు, అంటే మన కృత్తికలు. కొందరు జుహల్ అన్నారు, అంటే శని. కొందరు ఫలానా అని కాదు, రాత్రి వెలిగే తార ఏదైనా అన్నారు. వాళ్లెవరూ మిగతావాళ్ల మాట తుడిచిపెట్టి ఇదొక్కటే యకీన్ అనలేదు. నాకే అంత తొందర.

ఆ కుర్రాడికి ఏం చెప్పానంటే: "గలతీ నాది, ఖురాన్‌ది కాదు, ఫిజిక్స్‌ది కూడా కాదు." ఇంకేం చెప్పాలో రాలేదు. అబ్బా అప్పుడు ఉన్నారు. ముసలాయన వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని పెసరట్టు తినిపించారు, అస్ర్‌కి తనతో తీసుకెళ్లారు. మసీదులో వాడు చాలాసేపు సజ్దాలో ఉన్నాడని తర్వాత చెప్పారు. నా తఖ్రీర్ గురించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పటి నుంచి ఈ అజీబ్ తారల వార్తలు దొరికినంతవరకూ చదువుతున్నాను. ఈసారి మైకు కోసం కాదు.

2008లో లార్జ్ హాడ్రాన్ కొలైడర్ మొదలైనప్పుడు మన టీవీ ఛానెళ్లు యుగాంతం, ఖయామత్ అని పగలూ రాత్రీ ఊదరగొట్టాయి గుర్తుందా? అందులో ఒక భయం ఈ పదార్థం గురించే. అమెరికాలో ఇంకో యంత్రం మొదలయ్యే ముందు కూడా ఇదే గోల. అజీబ్ పదార్థం నలుసు ఒక్కటి పుట్టి, పాలలో తోడు వేసినట్టు జమీన్‌నంతా తనలా మార్చేస్తుందేమో అని. పాలలో తోడు అనే పోలిక నిజానికి న్యూట్రాన్ తారకి చక్కగా సరిపోతుంది. అక్కడ నలుసు పడితే న్యూట్రాన్లని మింగుతూ తార మొత్తాన్ని మార్చగలదని లెక్కలున్నాయి. జమీన్ మీద మాత్రం అణు కేంద్రకాలకి చార్జి ఉంది, నలుసుకీ కూడిక చార్జే ఉంటుందని అంచనా, అవి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. పైగా కాస్మిక్ కిరణాలు చాంద్‌ని కోట్ల కోట్ల ఏళ్లుగా ఆ యంత్రాల కంటే గట్టిగా కొడుతూనే ఉన్నాయి. చాంద్ అక్కడే ఉంది, దాన్ని చూసే మనం ఈద్ చేసుకుంటున్నాం. అపోలో తెచ్చిన మట్టిలో అలాంటి నలుసుల కోసం వెతికారు కూడా. దొరకలేదు.

2010లో దాదాపు రెండు సూర్యుల బరువున్న న్యూట్రాన్ తార ఒకటి తూగింది. అంత బరువు మొయ్యాలంటే లోపలి పదార్థం బాగా బిర్రుగా ఉండాలి. మెత్తటి క్వార్కు లెక్కలు చాలా కొట్టుకుపోయాయి, గట్టివి మిగిలాయి. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న కంపనం లైగో పరికరాలకి అందింది. ఢీకొనే ముందు అవి ఒకదాన్నొకటి ఎంత సాగదీశాయో చూసి లోపలి బిర్రు ఎంతో అంచనా కట్టారు. అలాంటి పరికరమే మన దేశంలో మహారాష్ట్రలోని హింగోలిలో కడుతున్నారు. 2023 మే 11న దానికి శంకుస్థాపన చేసిన రోజే, భాభా అణు కేంద్రం విశాఖ ప్రాంగణంలో అరుదైన లోహాల అయస్కాంతాల ప్లాంటును కూడా ప్రారంభించారు. ఆ ప్రాంగణం మా అచ్యుతాపురం పక్కనే. న్యూట్రాన్ తార అడ్డం చెప్పడానికి నేను వాడే ఊరే!

2022లో మళ్లీ గుండె ఝల్లుమంది. హెస్ జె1731 అనే పేలుడు అవశేషంలో ఉన్న తార బరువు సూర్యుడిలో 0.77 వంతు, వ్యాసార్థం 10.4 కిలోమీటర్లు అని జర్మనీ వాళ్లు ప్రకటించారు. తేలిక, చిన్న. బెల్లం దిమ్మ లెక్కకి సరిగ్గా దగ్గర. మామూలుగా కూలిన తారల్లోంచి అంత తేలిక ముద్ద రావడం కష్టం. అజీబ్ తార అయ్యుండొచ్చా అని వాళ్లే అడిగారు. వెంటనే మిగతావాళ్లు, దూరం సరిగ్గా పట్టుకున్నారా, పైన కార్బన్ పొర ఉందని అనుకున్నది నిజమేనా, అని అడ్డు సవాళ్లు వేశారు. అదే 2002 నాటకం. తేడా అల్లా నేను షామియానా వెయ్యలేదు.

మనవాళ్లు కూడా ఈ పనిలో ఉన్నారు, అది చెప్పకపోతే కుర్రాళ్లు నాసా, నాసా అనే తిరుగుతారు. కలకత్తాలో జాన్-ఎ-ఆలమ్ గారు, శిబాజీ రాహా, బికాశ్ సిన్హాలతో కలిసి 1999లో ఒక పేపర్ రాశారు. కాయనాత్ పుట్టిన తొలి క్షణాల్లో ఏర్పడ్డ క్వార్కు ముద్దలు ఇప్పటికీ మిగిలి ఉంటే, కనబడని చీకటి పదార్థం అదే కావచ్చా అని. హైదరాబాద్ పక్కన శామీర్‌పేట దగ్గర బిట్స్ పిలానీలో శర్మిష్ఠ బానిక్ గారున్నారు. 2014లో ఆమె ఇద్దరు సహచరులతో కలిసి, స్ట్రేంజ్ క్వార్కు మోసే లామ్డా కణాలు తారలో ఉంటే ఎంత వేడికి, ఎంత ఒత్తిడికి ఏమవుతుందో పెద్ద పట్టికలు కట్టారు. క్వార్కు పదార్థం కాదు అది, దానికి ముందు గది అనుకోండి. తార పేలుడు లెక్కలు కట్టేవాళ్లు ఆ పట్టికలు వాడుతున్నారు. ఎవరి పేరూ ఏ జల్సాలోనూ నేను వినలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే, 1054లో వృషభ రాశి దగ్గర తార పేలింది. ఆ పేలుడులో మిగిలిన ముద్దే క్రాబ్ పల్సార్, సెకనుకు 30 సార్లు తిరుగుతుంది. చైనా వాళ్ల రాతలు అందరికీ తెలుసు. బగ్దాద్ హకీమ్ ఇబ్న్ బుత్లాన్ కూడా ఆ రోజుల్లో కొత్త తార గురించి రాశాడు, ఇబ్న్ అబీ ఉసైబియా తన కితాబులో దాన్ని భద్రం చేశాడు. 1006లో పేలిన ఇంకో తారని ఈజిప్టులో కుర్రవాడిగా ఉన్న అలీ ఇబ్న్ రిద్వాన్ చూసి, జుహ్రాకి రెండున్నర మూడు రెట్లు పెద్దదని రాశాడు. (ఈ ఇద్దరు హకీములకీ అస్సలు పడదు, కైరోలో ఒకరినొకరు తిట్టుకుంటూ రిసాలాలు రాసుకున్నారు. ఇబ్న్ బుత్లాన్ ఈసాయీ, ఇబ్న్ రిద్వాన్ ముసల్మాన్.) ఇబ్న్ రిద్వాన్ ఆ తార ఎక్కడుందో, గ్రహాలు ఎక్కడున్నాయో కూడా రాశాడు కాబట్టే వెయ్యేళ్ల తర్వాత దాని చోటు పట్టుకోగలిగారు. జ్యోతిష్యం కూడా కలిపి రాశాడు, కాదనను. ఆ భాగం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. చూసింది చూసినట్టు రాసిన భాగం పనికొచ్చింది.

రెండో రోజు కుర్రాళ్లు మళ్లీ వచ్చారు. మాట్లాడతాను గానీ సూరా తారిఖ్ తార ఇదే అని చెప్పను అన్నాను. ఎందుకో కూడా చెప్పాను, ఆ హాస్టల్ కుర్రాడి కథతో సహా. ముగ్గురు మాట్లాడలేదు. బీటెక్ చదివే నాలుగోవాడు మాత్రం గట్టిగానే అడిగాడు: "అయితే సర్, ఖురాన్‌కి ఆస్మాన్‌కి సంబంధం లేదంటారా?"

"ఆస్మాన్ వైపు చూడమని ఖురాన్ ఎన్నిసార్లు చెప్పింది బేటా? నువ్వు ఎన్నిసార్లు చూశావు? వీడియోలో కాదు" అన్నాను.

మర్నాడు ఫజర్‌కి ముందు వాడు మా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. సెప్టెంబరు, వాన వెలిసి మబ్బు తొలిగింది. తూర్పున పైన వేటగాడు తేటగా ఉన్నాడు. ఎర్రగా ఉన్న భుజాన్ని చూపించాను. అరబ్బులు జౌజా చెయ్యి అన్నారు, అది తిరిగి తిరిగి ఇంగ్లీషులో బెటెల్‌గ్యూస్ అయింది. మన రైతులకి అది ఆరుద్ర. ఆరుద్ర కార్తెలో వాన పడితే వాళ్లకి పండగ. ఈ తార ఎప్పుడో పేలుతుంది, రేపో, లక్ష ఏళ్లకో. పేలితే మధ్యలో న్యూట్రాన్ తార మిగలొచ్చు. "దాని లోపల ఈ అజీబ్ పదార్థం ఉంటుందా సర్?" అన్నాడు.

"మాలూమ్ నహీఁ."

"ఎవరికీ?"

"ఇంకా ఎవరికీ."

ఇమామ్ మాలిక్ రహమతుల్లా అలైహి దగ్గరికి ఎంతో దూరం నుంచి సవాళ్లు మోసుకొచ్చినవాళ్లకి చాలావాటికి నాకు తెలియదు అని చెప్పి పంపించారని రివాయత్. వాడికి ఆ సంగతి చెప్పాను. "జల్సాలో ఇదే చెప్పండి సర్" అన్నాడు. కాసేపు ఆగి, తల గోక్కుంటూ, "కానీ సర్, ఫ్లెక్సీ ప్రింటైపోయింది" అన్నాడు.

జల్సాలో నలభై నిమిషాలు మాట్లాడాను. మసీదు హాళ్లు, బెల్లం దిమ్మ, ఆర్ఎక్స్ జె1856, నా తప్పు. తక్బీర్లు లేవు. పిల్లలు సవాళ్లు వేశారు, పదకొండు వరకూ వదల్లేదు. వెనక ఫ్లెక్సీలో సూరా తారిఖ్ తార ఇదే అన్న వరస మీద కుర్రాళ్లు తెల్లకాగితం అంటించారు. ఫ్యాన్ గాలికి ఒక మూల లేచి కొట్టుకుంటుంటే, కింది అక్షరాలు సగం కనబడుతూనే ఉన్నాయి.